చిన్న ఊరు – ప్రేమ నవల

ఒక చిన్న పట్టణాన్ని ఊహించుకుందాం. బస్టాండు నుంచి రైలుగేటు దాకా ఒకే పెద్ద వీధి. ఆ వీధిలోనే బట్టల దుకాణాలు, మందుల షాపు, తపాలా కార్యాలయం, శాఖా గ్రంథాలయం. వీధి చివర ఒక రైసుమిల్లు, ఒక సినిమాహాలు, కాలువగట్టున శివాలయం. ఆ ఊరి కళాశాలలో చదివే యువతి ఒకరు గ్రంథాలయానికి వెళ్ళి ఒక పుస్తకం కావాలని అడుగుతారు. ఆ పుస్తకాన్ని అప్పటికే ఇంటికి తీసుకువెళ్ళిన యువకుడు మరునాడే దానిని తిరిగి తెచ్చి ఇస్తాడు. వారిద్దరి మధ్య నడిచినవి రెండే మాటలు. సాయంత్రానికి ఆ రెండు మాటలు పది మాటలై ఆమె ఇంటికి చేరుతాయి. మహానగరంలో ఈ సంఘటన జరిగితే దానిని పట్టించుకొనేవారు ఉండరు. చిన్న ఊరిలో అదే ఒక కథకు ప్రారంభమవుతుంది.

చిన్న ఊళ్ళను రంగస్థలంగా చేసుకున్న ప్రేమ నవలలను పాఠకులు తరతరాలుగా ఇష్టంగా చదువుతున్నారు. కొందరు విమర్శకులు వాటిని కాలక్షేప సాహిత్యమని తేలికగా తీసివేశారు. అయితే ఒక రచన లక్షలమందిని ఆకర్షించిందంటే దానికి ఏదో ఒక బలమైన కారణం ఉండి తీరుతుంది. ఆ కారణం పచ్చని పొలాల వర్ణనలో లేదు, నాయకుని అందచందాలలోనూ లేదు. చిన్న ఊరిలో ప్రేమ ఇద్దరి మధ్య రహస్యంగా ఉండిపోదు. అది నలుగురి ఎదుట నిలబడి సమాధానం చెప్పుకోవలసి వస్తుంది. అలా సమాధానం చెప్పుకొనేటప్పుడు మనిషి స్వభావం బయటపడుతుంది. ముఖ్యంగా, తన జీవితాన్ని గురించి ఒక ఆడపిల్ల తానే మాట చెప్పగలదా అన్న ప్రశ్న ముందుకు వస్తుంది. ఈ నవలల ఆకర్షణకు మూలం ఆ ప్రశ్నయే.

ఈ సంప్రదాయం నిన్నటిది కాదు. మన ప్రాచీన కావ్యాలలో పురవర్ణన ప్రధానమైన అంగం. అష్టాదశ వర్ణనలలో నగరానికే మొదటి స్థానం. ఆకాశాన్ని అంటే మేడలు, ఉద్యానవనాలు, రాజవీధులు లేని ప్రబంధం కనిపించదు. ఆ నగరాలలోని నాయికానాయకులు సామాన్యంగా రాజులు, రాజకన్యలు, గంధర్వులు. కాని శాతవాహన ప్రభువైన హాలుడు ప్రాకృతంలో సంకలనం చేసిన గాథాసప్తశతి ఇందుకు భిన్నమైనది. ఆ ఏడువందల గాథలలో ఎక్కువగా కనిపించేవి పల్లెలు. సేద్యగాండ్రు, బాటసారులు, అత్తలు, కోడళ్ళు, గోదావరి తీరంలోని పొదలు ఆ కవితకు వస్తువులు. అత్త వంటి మన మాటలు కొన్ని అందులో దొరకడం తెలుగువారికి మరింత ఆత్మీయతను కలిగిస్తుంది.

ఆ గాథలలో ఒకదానిని తొమ్మిదో శతాబ్దికి చెందిన కాశ్మీర ఆలంకారికుడు ఆనందవర్ధనుడు ధ్వనికి ఉదాహరణగా స్వీకరించాడు. గోదావరి ఒడ్డున ఉన్న పొదరిల్లు ఒక స్త్రీ తన ప్రియుని కలుసుకొనే చోటు. ఆ వైపుకు ఒక ధార్మికుడు తరచుగా వస్తుంటాడు. ఇక నిర్భయంగా తిరుగవచ్చునని, అతనిని బెదిరించే కుక్కను అక్కడి సింహం చంపివేసిందని ఆమె అతనితో చెబుతుంది. పైకి వినిపించేది ఆహ్వానం, లోపల ఉన్నది నిషేధం. రావద్దని ఆమె సూటిగా చెప్పలేదు. చెబితే ఎందుకు అన్న ప్రశ్న వస్తుంది. అందరూ వినే చోట మనసులోని మాట చుట్టు తిరిగి రావలసిందే. చిన్న ఊరి ప్రేమకథకు ధ్వని ఒక అలంకారం మాత్రమే కాదు, అది ఒక అవసరం. ఆధునిక నవలలో నాయిక మజ్జిగ గ్లాసు అందిస్తూ అన్న ఒక మాటలో, నాయకుడు తిరిగి ఇచ్చిన పుస్తకంలో మడిచి ఉంచిన ఒక పుటలో పాఠకుడు ఎంతో అర్థాన్ని వెదుక్కొనడానికి కారణం ఇదే.

తెలుగు నవల సైతం చిన్న ఊరిలోనే కళ్ళు తెరిచింది. కందుకూరి వీరేశలింగం 1878లో వివేకవర్ధని పత్రికలో ప్రకటించిన రాజశేఖర చరిత్రము గోదావరి తీరంలోని ధవళేశ్వరంలో మొదలవుతుంది. అది ప్రేమ నవల కాదు. ధనం ఉన్ననాడు ఇంటి చుట్టూ చేరిన ఊరు, ధనం పోయిననాడు ఎలా ముఖం చాటు చేస్తుందో చూపిన నవల. ఊరిని ఒక పాత్రగా నిలిపే పద్ధతికి మాత్రం అది దారి వేసింది. అడివి బాపిరాజు రచించిన నారాయణరావు, విశ్వనాథ సత్యనారాయణ రచించిన వేయిపడగలు 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతిని పంచుకున్నాయి. నారాయణరావు నవలలో నాయకుడు గోదావరి జిల్లాకు చెందిన సంపన్న రైతు కుటుంబీకుడు, నాయిక శారద జమీందారు కుమార్తె. వారి వివాహం పెద్దలు కుదిర్చినదే. ప్రేమ ఆ తరువాత నెమ్మదిగా కలుగుతుంది. భర్తకంటె తన పుట్టింటి హోదా గొప్పదని చుట్టూ ఉన్నవారు నూరిపోసిన మాటలను ఆమె దాటవలసి వస్తుంది. ఇద్దరి మధ్య అడ్డుగా నిలిచినది ఇతరుల మాట. చిన్న సమాజపు ప్రేమకథలకు ఇది ముఖ్యమైన లక్షణం.

1960 తరువాతి రెండు దశాబ్దాలలో ఈ కథలు విస్తృతమైన పాఠకలోకాన్ని సంపాదించుకున్నాయి. ఆంధ్రప్రభ, ఆంధ్రపత్రిక, ఆంధ్రజ్యోతి వారపత్రికలు, జ్యోతి, యువ మాసపత్రికలు నవలలకు పెద్దపీట వేశాయి. కోడూరి కౌసల్యాదేవి, యద్దనపూడి సులోచనారాణి, ముప్పాళ రంగనాయకమ్మ, ద్వివేదుల విశాలాక్షి, మాదిరెడ్డి సులోచన మొదలైన రచయిత్రులు ఇంటింటా పరిచితులయ్యారు. కౌసల్యాదేవి నవల చక్రభ్రమణం ఆధారంగా 1964లో డాక్టర్ చక్రవర్తి చిత్రం, ఆమెదే మరొక నవల ఆధారంగా 1971లో ప్రేమనగర్ చిత్రం వెలువడ్డాయి. ఈ నవలలన్నీ చిన్న ఊళ్ళలో జరిగే కథలు కావు. నగరపు బంగళాలు, కార్లు, కార్యాలయాలు వీటిలో కొల్లలుగా ఉన్నాయి. కాని వీటిని చదివినవారిలో చాలామంది చిన్న ఊళ్ళలోని ఆడవారు.

ఆ పఠనానుభవాన్ని తెలుసుకుంటేనే ఈ నవలల విలువ అర్థమవుతుంది. వారపత్రిక వచ్చే రోజున ఆ ఊరికి అది ఒక చిన్న పండుగ. ఒక ప్రతి నాలుగైదు ఇళ్ళు తిరిగేది. చదువు రాని పెద్దమ్మలు, అత్తలు మధ్యాహ్నం వేళ వంటపని ముగించుకొని కూర్చుంటే, చదువుకున్న ఆడపిల్ల పైకి చదివి వినిపించేది. కథ ఉత్కంఠలో ఉండగా ‘సశేషం’ అన్న మాట వచ్చేది. ఇక వారం రోజుల పాటు ఆ నాయిక ఏమి చేయాలో అందరూ చర్చించేవారు. కొందరు సీరియల్ పుటలను జాగ్రత్తగా చించి, వరుసగా కుట్టించి, అట్ట వేసి దాచుకొనేవారు. గ్రంథాలయానికి వెళ్ళే వీలులేనివారు తమ్ముళ్ళ చేత అద్దె పుస్తకాల దుకాణం నుంచి తెప్పించుకొనేవారు. తన పెళ్ళి గురించి ఇంట్లో నోరు విప్పలేని అమ్మాయి, నవలలోని నాయిక పెళ్ళి గురించి మాత్రం పెద్దల ఎదుట ధైర్యంగా అభిప్రాయం చెప్పగలిగేది. అలా చెప్పడం ఆమెకు మాట్లాడడంలో తొలి అభ్యాసం. నవల ఆమెకు ఇచ్చిన అవకాశాన్ని కాలక్షేపం అన్న ఒక్క మాటతో కొట్టివేయలేము.

యద్దనపూడి సులోచనారాణి కృష్ణా జిల్లాలోని కాజ గ్రామంలో 1940లో జన్మించారు. ఆమె నవలలకు లభించిన ఆదరణకు సెక్రటరీ, మీనా రెండు మంచి ఉదాహరణలు. సెక్రటరీ నవలలో నాయిక జయంతి సామాన్య కుటుంబంలో పుట్టి, కుటుంబం కోసం ఉద్యోగం చేసే యువతి. యజమాని రాజశేఖరం ధనికుడు, ఆకర్షణగలవాడు. అయినప్పటికీ తన ఆత్మాభిమానానికి భంగం కలిగే చోట జయంతి తల వంచదు. నాయకుని సంపదను పాఠకురాలు అబ్బురంగా చూసిన మాట నిజమే. ఆమె మనసులో నిలిచిపోయినది మాత్రం జయంతి అభిమానమే. ఉద్యోగం చేసే ఆడపిల్లను ఊరు అనుమానంగా చూసిన రోజులలో, అటువంటి అమ్మాయిని గౌరవంతో చూపిన కథ అది.

మీనా నవల ఈ పాఠానికి మరింత దగ్గరిది. పట్నంలో సంపన్న గృహంలో పెరిగిన అమ్మాయి మీనా. తల్లికి ధనమన్నా, హోదా అన్నా మక్కువ. ఆ ఇంటిలో తండ్రి మాట చెల్లదు, కుమార్తె ఇష్టానికి విలువ లేదు. అటువంటి అమ్మాయి పల్లెటూరిలోని బంధువుల ఇంటికి వెళుతుంది. అక్కడి పనిపాటలు, అనురాగాలు, కష్టసుఖాలు ఆమెకు కొత్త. క్రమంగా ఆమె ఆ ఇంటి మనిషి అవుతుంది, బావను ప్రేమిస్తుంది. ఈ నవల ఆధారంగా విజయనిర్మల దర్శకత్వంలో 1973లో మీనా చిత్రం వచ్చింది. అదే ఇతివృత్తం నాలుగు దశాబ్దాల తరువాత 2016లో త్రివిక్రమ్ శ్రీనివాస్ దర్శకత్వంలో వచ్చిన అ ఆ చిత్రంలో మళ్ళీ కనిపించింది. ట్రంకాల్ కాలం పోయి సెల్‌ఫోన్ కాలం వచ్చినా ఆ కథ ప్రేక్షకులకు పాతబడలేదు.

మీనా కథలోని ఆకర్షణను పరిశీలిస్తే మూడు అంశాలు గోచరిస్తాయి. మొదటిది, గుర్తింపు. పట్నపు ఇంటిలో ఎన్ని సౌకర్యాలున్నా మీనా ఏమి కోరుకుంటున్నదో అడిగేవారు లేరు. పల్లెలో ఆమె అన్నం తిన్నదా లేదా, ముఖం ఎందుకు వాడింది అని అడిగేవారు ఉన్నారు. తనను ఒకరు గమనిస్తున్నారన్న భావన మనిషికి గొప్ప తృప్తిని ఇస్తుంది. రెండవది, చిన్న పనికి పెద్ద విలువ ఉండడం. పెద్ద నగరంలో ప్రేమను చాటడానికి ఖరీదైన కానుకలు అవసరం కావచ్చు. పల్లెలో ఎవరో తమ పని మానుకొని వచ్చి బస్సు ఎక్కించడం, జ్వరం వచ్చినప్పుడు వైద్యుని కోసం పక్క ఊరికి సైకిలు తొక్కడం చాలు. మూడవది, పరీక్ష. ఊరిలో మనిషి ఒక ముఖంతోనే బతకలేడు. పాలేరుతో ఎలా మాట్లాడతాడు, అప్పు అడగవచ్చినవానితో ఎలా వ్యవహరిస్తాడు, తల్లి కోపాన్ని ఎలా భరిస్తాడు అన్నవన్నీ బయటపడతాయి. ప్రేమించిన వ్యక్తిని మాటలలోనే కాక నడతలోనూ చూసే వీలు నాయికకు కలుగుతుంది.

ఈ ఆకర్షణ తెలుగువారికే పరిమితం కాదు. అమెరికాలో చిన్న పట్టణపు ప్రేమ నవల ఒక ప్రత్యేక శాఖగా వర్ధిల్లుతున్నది. డెబ్బీ మాకంబర్ అనే రచయిత్రి సీడర్ కోవ్ అనే కల్పిత పట్టణం నేపథ్యంగా 2001 నుంచి ఒక నవలామాలను వెలువరించారు. రాబిన్ కార్ రచించిన వర్జిన్ రివర్ నవల 2007లో వచ్చింది. కాలిఫోర్నియా ఉత్తర ప్రాంతపు కొండలలో ఉన్నట్లు కల్పించిన పల్లె అది. భర్తను పోగొట్టుకున్న ఒక నర్సు నగరాన్ని విడిచి అక్కడికి ఉద్యోగానికి వస్తుంది. ఊరు ఆమెను తనలో కలుపుకొంటుంది. ఈ నవలామాల ఆధారంగా 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో ధారావాహిక మొదలైంది. నగరం నుంచి వచ్చిన యువతి, కొత్త ఊరు, అక్కడి మనుషుల ఆప్యాయత అన్న చట్రం మీనా కథను జ్ఞప్తికి తెస్తుంది.

పోలిక ఉన్నచోటనే ఒక ముఖ్యమైన భేదమూ ఉంది. అమెరికా నవలలో నాయిక ఆ ఊరికి పరాయిది. ఆమె ఒంటరితనంతో వచ్చి, తోడును వెదుక్కొంటుంది. అక్కడి పాఠకులలో చాలామందికి అటువంటి ఊరు చేజారిన వస్తువు. దానిని పుస్తకంలోనైనా తిరిగి పొందాలన్నది వారి ఆరాటం. తెలుగు పాఠకురాలి స్థితి వేరు. ఆమె ఆ ఊరిలోనే ఉన్నది. చుట్టూ బంధువులు, ఇరుగుపొరుగు, లెక్కలేనంత తోడు. ఆమెకు కొరతగా ఉన్నది తోడు కాదు, ఆ తోడు నడుమ తనదంటూ ఒక మాట. ఊరిని విడిచిపోకుండా, అయినవారిని దూరం చేసుకోకుండా, తన ఇష్టాన్ని నిలుపుకోవడం సాధ్యమా అని ఆమె ఆలోచించేది. మీనా వంటి కథ సాధ్యమేనని చెప్పింది. అందుకే ఆ కథ ఆమెకు అంతగా నచ్చింది.

ఇంతవరకు చెప్పినది ఈ నవలల బలం. వీటి బలహీనతలను గుర్తించడం కూడా పాఠకుని బాధ్యతే. వరకట్న నిషేధ చట్టం 1961లోనే వచ్చినా కట్నం ఆగలేదు. ఆనాటి ప్రేమ నవలలలో చాలావరకు ఈ సమస్యకు ఉదారుడైన ధనిక నాయకుడే పరిష్కారంగా కనిపిస్తాడు. అతడు కట్నం అడగకుండా నాయికను పెళ్ళాడతాడు, ఆమె కుటుంబం కష్టాలు తీరుతాయి. అది ఒక్క నాయికకు లభించిన అదృష్టం. అదే వీధిలోని మిగిలిన ఆడపిల్లల సంగతి ఏమిటన్న ప్రశ్న మిగిలిపోతుంది. ప్రేమికుల మధ్య అడ్డుగోడలుగా ధనం, అహంకారం, అపార్థం ఎక్కువగా కనిపిస్తాయి. కులం అరుదుగా కనిపిస్తుంది. మీనాలో సైతం ప్రేమ బంధువర్గం దాటిపోలేదు. ఊరి నడుమ వీధులలో తిరిగే కథ ఊరి చివరి పేటల వైపు అడుగు వేయదు.

జీవితంలో అడ్డుగోడలు ఇంతకంటె కఠినమైనవి. అన్నం తిన్నావా అని ఆప్యాయంగా అడిగే ఊరే, కులం దాటిన ప్రేమను క్షమించకపోవచ్చు. 2018లో తెలంగాణలోని మిర్యాలగూడలో, కులాంతర వివాహం చేసుకున్న ఒక యువకుడు పట్టపగలు భార్య కళ్ళ ఎదుటే హత్యకు గురయ్యాడు. అది కూడా ఒక చిన్న పట్టణమే. అక్కడి ప్రేమ కూడా నలుగురి ఎదుట నిలబడినదే. మనిషిని గమనించే కళ్ళలో ఆప్యాయతే కాదు, అధికారమూ ఉంటుంది. చిన్న ఊరి ప్రేమ నవల మొదటిదానిని మనోహరంగా చిత్రించింది. రెండవదానిని చాలాసార్లు తల్లి పట్టుదలగానో, మేనమామ కోపంగానో మెత్తబరచి, చివరి ప్రకరణంలో కరిగించివేసింది. నిజంలో ఆ కోపం అంత సులభంగా కరగదు.

అయితే నవలలో లోపం ఉన్నంత మాత్రాన దానిని చదివిన పాఠకులు తెలివితక్కువవారని భావించడం తగదు. పత్రికలోని కథకూ తన ఇంటి స్థితికీ మధ్య ఉన్న దూరం, ఆ పుటలను కుట్టి దాచుకున్న అమ్మాయికి అందరికంటె బాగా తెలుసు. తన కోసం కారులో ఎవరూ రారని ఆమె ఎరుగును. ఆమె ఆ కథనుంచి తీసుకున్నది కారును కాదు. వద్దు అని చెప్పిన నాయిక స్వరాన్ని తీసుకున్నది. ఆ స్వరంతో కొందరు చదువు కొనసాగిస్తామని పట్టుబట్టారు. కొందరు ఒక సంబంధాన్ని కాదన్నారు. ఏమీ అనలేకపోయినవారు తమ కుమార్తెలకు మాత్రం ఆ అవకాశం ఉండాలని కోరుకున్నారు.

నేడు అద్దె పుస్తకాల దుకాణాలు చాలావరకు మూతపడ్డాయి. సీరియల్ కోసం వారం రోజులు ఎదురుచూసే అలవాటు తగ్గింది. కథలు సెల్‌ఫోన్ తెరపైకి చేరాయి. చిన్న ఊళ్ళూ మారాయి. రైసుమిల్లు పక్కన కోచింగ్ సెంటర్లు వెలిశాయి, ఇంటికొక బిడ్డ నగరంలోనో విదేశంలోనో ఉద్యోగం చేస్తున్నారు. ఊరిని విడిచి వెళ్ళినవారికి ఇప్పుడు ఈ నవలలలో మరొక రుచి కూడా తెలుస్తున్నది. అమెరికా పాఠకుల వలెనే వారు కూడా, తమను పేరు పెట్టి పిలిచే వీధిని పుస్తకంలో వెదుక్కొంటున్నారు.

ఊరు మారినా, కథను చేరవేసే సాధనం మారినా, ఇటువంటి నవలను చదివేటప్పుడు వేసుకోవలసిన ప్రశ్న మారలేదు. ఈ కథలో అందరూ మాట్లాడుతున్నారు. బంధువులు మాట్లాడుతున్నారు, ఇరుగుపొరుగు మాట్లాడుతున్నారు, నాయకుడు మాట్లాడుతున్నాడు. ఇందరి నడుమ ఆ అమ్మాయిని ఎవరైనా అడిగారా? ఆమె చెప్పినది విన్నారా? అడిగి, విని, ఆమె మాటకు చోటు ఇచ్చిన కథ ఎంత చిన్న ఊరిలో జరిగినా పెద్ద కథే అవుతుంది. ఆ చోటు ఇవ్వని కథ ఎంత అందంగా ముగిసినా అసంపూర్ణమే. ఊరి విషయంలోనూ ఈ మాట వర్తిస్తుంది.